రోజులమ్మ చెప్పని అంకె

ఆ ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి నేల తుడిచే మనిషి దాకా అందరికీ ఆవిడ రోజులమ్మ. రెండో అంతస్తులో, మెట్లెక్కి పైకి రాగానే, మగవాళ్ల వార్డు గుమ్మం పక్కన ఆవిడ బల్ల. బల్ల మీద ఒక ఫోను, ఒక పెన్సిలు, పెన్సిలు చెక్కుకునే బ్లేడు, ఎవరో రోగి మరిచిపోయి వెళ్లిన కళ్లజోడు. వాడెప్పుడైనా వెతుక్కుంటూ వస్తాడేమోనని పదకొండేళ్లుగా ఆ కళ్లజోడును తుడిచి పెడుతూనే ఉంది. అలాంటి మనిషి ఆవిడ.

ఉద్యోగం పేరు మంచాల గుమాస్తా. వార్డులో ముప్పై ఆరు మంచాలు. కింద అంతస్తులో చక్రాల బల్లల మీద పడుకుని, పైకి ఎప్పుడు పంపుతారా అని ఎదురుచూసేవాళ్లు ఏ రోజూ పదిమందికి తక్కువుండరు. ఏ మంచం ఎప్పుడు ఖాళీ అవుతుందో ముందుగా తెలిస్తే తప్ప వాళ్లకు జాగా దొరకదు, ఆపరేషన్లకు తేదీలు వేయడం కుదరదు. డాక్టర్లను అడిగితే చూసి చెప్తామంటారు. రోగిని అడిగితే రేపే వెళ్లిపోతానంటాడు. రోగి బావమరిదిని అడిగితే ఇంకో వారం మీ దగ్గరే ఉంచుకోండి, మాకేం తొందర లేదంటాడు. ఇరవై ఆరేళ్ల కిందట ఈ ముగ్గురి మాటలూ వినీ వినీ తల ప్రాణం తోకకొచ్చి, ఆవిడ తనే చెప్పడం మొదలుపెట్టింది.

గుమ్మం పక్క గోడకు ఒక చెక్క. చెక్కకు ముప్పై ఆరు మేకులు, మేకుకో అట్టముక్క. కొత్త రోగి మంచం మీద కాస్త కుదురుకున్నాక, ఒక గంట ఆగి, రోజులమ్మ లోపలికెళ్లి ఆ మంచం చుట్టూ ఒక్కసారి తిరిగి వచ్చేది. వచ్చి అట్ట మీద పెన్సిలుతో ఒక అంకె వేసి తగిలించేది. నాలుగు. తొమ్మిది. పదమూడు. ఆ రోగి అన్ని రోజులుంటాడని అర్థం. వాడు వెళ్లిన రోజున అదే అట్ట వెనక అసలు ఎన్ని రోజులున్నాడో రాసి, తీగకు గుచ్చి, సామాన్ల గదిలో వేలాడదీసేది. నెలకో తీగ. ఆ గదిలోకి వెళ్తే తల వంచుకుని నడవాలి, అన్ని తీగలున్నాయి.

ఎలా చెప్తావమ్మా అని అడిగితే ఏమీ దాచుకోదు. చెప్పులు మంచం కింద జతగా, ముక్కులు బయటికి పెట్టుకున్నవాడు తొందరగా వెళ్తాడు. ఇంటి నుంచి సొంత దిండు తెచ్చుకున్నవాడు పది రోజులకు తక్కువ కదలడు. నొప్పి నొప్పి అని వార్డు ఎగిరిపోయేలా అరిచేవాణ్ని చూసి భయపడక్కర్లేదు. నొప్పి గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాణ్ని చూసి భయపడాలి. పక్క మంచం వాడి పళ్లెంలో ఏముందో తొంగిచూశాడంటే సగం నయమైనట్టే. దువ్వెన అడిగాడంటే ఇక సంచి సర్దుకోమనొచ్చు. గోళ్ల రంగు, మెట్లెక్కిన ఆయాసం, కట్టు మీద తడి, ఇవన్నీ డాక్టర్లూ చూస్తారు. దువ్వెన సంగతి వాళ్ల పుస్తకాల్లో రాయలేదు పాపం.

ఆవిడ భర్త దర్జీ. ఇంటి ముందు గదిలోనే మిషను. ఆయన నోట్లో దారం, దారం వెనక ఎప్పుడూ ఒక వేళాకోళం. "ఊళ్లోవాళ్ల రోజులన్నీ చెప్తావు. మా అక్క వచ్చి దిగింది కదా, ఎన్ని రోజులుంటుందో అట్ట మీద రాసి గుమ్మానికి తగిలించు చూద్దాం" అన్నాడొకసారి. రోజులమ్మ ఆడపడుచును ఎగాదిగా చూసి నాలుగు అంది. ఆ మహాతల్లి రెండు నెలలుండి, వెళ్తూ వెళ్తూ మళ్లీ తొందరలోనే వస్తానని మాట కూడా ఇచ్చింది. దర్జీ కడుపు పట్టుకుని నవ్వాడు. "ఆస్పత్రిలో నా మాటంటే మాటే. ఇంట్లో నన్ను లెక్కచేసేదెవరు?" అని రోజులమ్మ విసురుగా గిన్నెలు కడుక్కుంది.

నిజంగానే ఆస్పత్రిలో ఆవిడ మాటంటే మాట. పదిమందిలో తొమ్మిదిమంది ఆవిడ చెప్పిన రోజునే మెట్లు దిగి వెళ్లారు. ఇరవై ఆరేళ్లలో ఎన్ని వేలమంది! రోగులు మంచమెక్కగానే మందుల కన్నా ముందు అడిగేది అదే, రోజులమ్మ ఎంతంది అని. ఆరంటే ఆరు, తొమ్మిదంటే తొమ్మిది. ఇంటికి కబురు చేసేవారు, పనిలోకి వచ్చే రోజు చెప్పేసేవారు. ఆవిడ అంకె చెప్పకుండా "చూద్దాంలే నాయనా" అని వెనక్కి తిరిగిందంటే మాత్రం వార్డులో అందరూ తలలు దించుకునేవారు. నడిచి ఇంటికి వెళ్లనివాళ్ల అట్ట మీద ఆవిడ ఎప్పుడూ ఏమీ రాయలేదు. రాయడానికి చెయ్యాడేది కాదు. అది ఆవిడ జాలిగుండె పనే కానీ, దాని అర్థం ఏమిటో ముప్పై ఆరు మంచాలకీ తెలిసిపోయింది.

కిందటేడు పెద్ద డాక్టరు ఒక నిర్ణయం తీసుకున్నారు. రోగి చేరగానే ఎన్ని రోజులుంటాడో ఇక కంప్యూటరు చెప్పాలి. దానికి పాఠం నేర్పడానికి ఒక అమ్మాయి వచ్చింది. భుజానికి సంచి, సంచిలో మడత కంప్యూటరు, మాట మెత్తన, కళ్లు చురుకు. వార్డువాళ్లు ఆ పిల్లకు వెంటనే కంప్యూటర్ పిల్ల అని పేరు పెట్టేశారు. రోజులమ్మ మొదటి మూడు రోజులూ సొరుగులు దబదబా వేస్తూ కోపం చూపించింది. నాలుగో రోజున ఇక ఉండబట్టలేక తనే కదిలించింది.

"నీ డబ్బాకి దువ్వెన కనబడుతుందా తల్లీ?"

"దానికి కనబడదమ్మా. మీకు కనబడింది కదా. మీ అట్టలన్నీ దానికి నేర్పిస్తాను. అచ్చం మీలాగే చెప్తుంది."

"వచ్చే ఏడు నేను రిటైరవుతాను. మనిషి ఇంటికి, బుర్ర ఇక్కడ అన్నమాట" అని రోజులమ్మ మురిసిపోయింది. దాచడమెందుకు, బాగా మురిసిపోయింది. ఆ సాయంత్రం మొగుడికి ఆ సంగతి మూడుసార్లు చెప్పింది. ఆ పిల్ల ఆవిడ పక్కనే కుర్చీ వేసుకుని రోజుకు కొన్ని తీగలు విప్పి, అట్టలు ఒక్కొక్కటే కంప్యూటరులోకి ఎక్కించడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లోనే ఇరవై రెండో మంచం మీదికి బస్సు డ్రైవరు వచ్చాడు. నలభై దాటిన మనిషి, నవ్వు మొహం. ఒంట్లో చక్కెర జబ్బు. కొత్త బూటు కరిచిన చిన్న పుండు, ఇదేం చేస్తుందిలే అని వదిలేస్తే చీము పట్టి కుడిపాదం వాచింది. "కాలు మాత్రం జాగ్రత్త సిస్టరు గారూ, బ్రేకు నొక్కేది అదే. అది లేకపోతే నా బస్సులో జనం నేరుగా మీ దగ్గరికే వస్తారు" అని నర్సును నవ్వించాడు. చెప్పులు జతగా పెట్టుకున్నాడు. మొదటి రోజే దువ్వెన అడిగాడు. రోజులమ్మ ఒక చుట్టు తిరిగి వచ్చి ఆరు అని రాసింది.

డ్రైవరు భార్య బట్టలు ఉతికే దుకాణంలో పనిచేస్తుంది. అంకె వినగానే పరుగున వెళ్లి ఆరు రోజులకు సెలవు చెప్పి వచ్చింది. డ్రైవరు డిపోకు ఫోను చేసి, ఏ రోజు ఇంటికొస్తాడో, ఏ రోజు బండెక్కుతాడో కూడా చెప్పేశాడు. ఆరో రోజు పొద్దున చిన్న డాక్టరు వచ్చాడు. గుమ్మం దగ్గర చెక్క వైపు చూసి, "ఇరవై రెండుకి ఇవాళ్టితో ఆరు కదూ" అని, కట్టు విప్పించి పైపైన చూసి సంతకం పెట్టాడు. డ్రైవరు కుంటుతూ, నవ్వుతూ, రోజులమ్మకు చెయ్యూపి మెట్లు దిగాడు. ఆవిడ అట్ట వెనక ఆరు అని రాసి తీగకు గుచ్చింది.

నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు పొద్దున్నే చక్రాల బల్ల మీద మళ్లీ తెచ్చారు. పాదం కుండలా ఉబ్బింది. రెండు వేళ్లు నల్లబడ్డాయి. ఒళ్లు కాలిపోతోంది, ఈసారి మొహంలో నవ్వు లేదు. పెద్ద డాక్టరు చూసి పెదవి విరిచారు. "వేళ్లు రెండూ ఇవాళే తీసేయాలి. చీము ఇంకా పైకి పాకిందంటే మోకాలి కింద నుంచి కాలే పోతుంది. పాకుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను" అన్నారు. డ్రైవరు పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. కాలు పోయిన డ్రైవరు ఏ బండి నడుపుతాడు?

అతన్ని ఆపరేషను గదికి తీసుకువెళ్లాక భార్య వచ్చి రోజులమ్మ బల్ల దగ్గర నిలబడింది. తిట్టడానికి వచ్చిందనుకున్నారు చూసేవాళ్లు. తిట్టినా బాగుండేది.

"మీరేం మనసులో పెట్టుకోకండమ్మా. మీరు చెప్పింది సరిగ్గానే చెప్పారు. ఈయనకే అయిదో రోజున చలి పుట్టింది. సిస్టరు గారు నోట్లో థర్మామీటరు పెట్టే ముందు చన్నీళ్లు పుక్కిట పట్టి కూర్చున్నాడు, జ్వరం ఎక్కినట్టు తెలియకుండా. ఎందుకయ్యా అంటే, రోజులమ్మగారు ఆరన్నారు, నా వల్ల ఆవిడ మాట తప్పిపోవడం ఏమిటి, రేపు ఎలాగూ వెళ్లిపోతాం కదా అన్నాడు. నేనూ సరేలెమ్మన్నాను. బుద్ధి గడ్డి తిని."

రోజులమ్మ లేచి నర్సు దగ్గరికెళ్లి అడిగింది. "ఆ రోజు కట్టు కొంచెం తడిగా అనిపించిందమ్మా. చెప్దామనుకున్నా. మీరు ఆరన్నారు కదా అని ఊరుకున్నా" అంది నర్సు. చిన్న డాక్టరును అడిగింది. అతనూ అదే మాట అన్నాడు. రోగి చెక్కను నమ్మి చలిని దాచాడు, నర్సు చెక్కను నమ్మి తడిని దాచింది, డాక్టరు చెక్కను చూసి సంతకం పెట్టాడు. పాదం మాట పాదం చెప్తూనే ఉంది, వినే నాథుడే లేకపోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. దర్జీ మిషను ఆపి, సంగతంతా విని, ఓదార్చబోయాడు. "వెయ్యిలో ఒకటి తప్పుతుందే. నేనెన్ని చొక్కాలు పొట్టి చేశాను?"

"చొక్కా పొట్టిదైతే విప్పి మళ్లీ కుడతావు. కాలు పొట్టిదైతే ఏం చేస్తావు?" అంది రోజులమ్మ. దర్జీ ఇక వేళాకోళం ఆడలేదు. మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు.

ఇంకొకరైతే అక్కడితో నాలుగు రోజులు ఏడ్చి, వాడు నీళ్లు పుక్కిట పట్టడం నా తప్పా అని సర్దుకునేవారు. సర్దుకోవడానికి దారి ఉంది మరి. రోజులమ్మ సర్దుకోలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి కంప్యూటర్ పిల్లను సామాన్ల గదిలోకి లాక్కెళ్లింది.

"ఏడాదికి రెండు వారాలు నేను సెలవు మీద మా చెల్లెలి దగ్గరికి వెళ్తాను. ఒకసారి మణికట్టు విరిగి రెండు నెలలు రాలేదు. ఆ రోజుల్లో చేరినవాళ్ల అట్టల మీద ముందు అంకె ఉండదు, వెనక అంకె ఒకటే ఉంటుంది, తిరిగొచ్చాక రిజిస్టరు చూసి రాసింది. వాటిని విడిగా తీయి. ఇంకోటి. నెల తిరక్కుండా మళ్లీ చేరినవాళ్ల అట్టకి నేను మూల కత్తిరిస్తాను. అవి కూడా లెక్కేయి."

"ఎందుకమ్మా?"

"నేను చెప్పినందువల్ల వెళ్లారో, నయమై వెళ్లారో తేలాలి."

ఆ పిల్ల తీగలు విప్పడం మొదలుపెట్టింది. మూడు రోజులు పట్టింది. ఇద్దరూ నేల మీద కూర్చుని అట్టలు కుప్పలు పోశారు. ఆవిడ చదువుతుంటే ఆ పిల్ల కంప్యూటరులో ఎక్కించింది. మూడో రోజు మధ్యాహ్నానికి తేలింది. రోజులమ్మ బల్ల దగ్గర ఉన్న రోజుల్లో చేరినవాళ్లు ఆవిడ చెప్పిన రోజుకు గీత గీసినట్టు వెళ్లారు. నూటికి పదకొండుమంది నెలలోపే తిరిగొచ్చారు. ఆవిడ సెలవులో ఉన్నప్పుడు అదే జబ్బులతో చేరినవాళ్లు ఒకడు ఏడు, ఒకడు పది, ఒకడు ఎనిమిది అని చెల్లాచెదురుగా వెళ్లారు. సగటున ఒకటి రెండు రోజులు ఎక్కువే ఉన్నారు. వాళ్లలో తిరిగొచ్చినవాళ్లు నూటికి నలుగురు.

"మీరు చెప్పడం వల్లే అవి నిజమయ్యాయమ్మా" అంది కంప్యూటర్ పిల్ల నెమ్మదిగా.

"అంటే నాకేమీ తెలియదన్నమాట."

"అలా కాదు. చాలా తెలుసు. కానీ మీకెంత తెలుసో, వాళ్లు మీ మాట ఎంత విన్నారో, రెండూ కలిసిపోయాయి. ఏది ఎంతో ఇప్పుడు విడదీయలేం. నేను దీన్నే కంప్యూటరుకి నేర్పితే..."

"అది నాకన్నా గట్టిగా చెప్తుంది. దాని మాట ఇంకా గట్టిగా వింటారు" అంటూ రోజులమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. "పద, పెద్ద డాక్టరు గదికి."

పెద్ద డాక్టరు మంచివారే. కానీ తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం. వచ్చే వారమే కంప్యూటరు పని మొదలవ్వాలని పై వాళ్లకు చెప్పేసి ఉన్నారు. విషయం విని, ఇద్దరూ తెచ్చిన అంకెల కాగితం చూడగానే కళ్లజోడు తీసి బల్ల మీద పడేశారు.

"ఇరవై ఆరేళ్లు పదింట తొమ్మిది సరిగ్గా చెప్పిన మనిషి మీరు. ఇప్పుడు మీ మీద మీరే చాడీలు చెప్పుకుంటారా?"

"చాడీ కాదు డాక్టరు గారూ. సంజాయిషీ."

"ఈ లెక్క బయటికి పోతే ఏమవుతుందో తెలుసా? మీ వల్లే రోగులు పాడైపోయారంటారు. రిటైరయ్యే ముందు ఈ మాట పడటం అవసరమా మీకు?"

"అంటే అననివ్వండి. కొంత నిజమే కదా" అంది రోజులమ్మ. "అంకె వద్దనడం లేదు. కింద పడుకుని ఎదురుచూసేవాళ్లకి మంచం కావాలి, దానికి అంకె కావాలి. కానీ అది నా బల్ల దాటి పోకూడదు. రోగికి వినపడకూడదు, డాక్టరుకి కనపడకూడదు. ఇంటికి పంపాలా వద్దా అన్నది మనిషిని చూసి మీరు రాయాలి, చెక్కను చూసి కాదు. నా అట్టలు ఈ పిల్ల కంప్యూటరుకి నేర్పొద్దు. కొత్తగా మొదలుపెట్టమనండి. ఆలస్యమైతే కానివ్వండి."

పెద్ద డాక్టరు కళ్లజోడు తీసి పెట్టుకుని ఆ అంకెల కాగితం మళ్లీ చదివారు. చదివి, ఫోనెత్తి మేస్త్రీని పిలిపించి, సాయంత్రానికల్లా గోడ మీది చెక్క తీయించేశారు. మనిషి మొండివాడే కానీ, కళ్లెదుట ఉన్నదాన్ని లేదనేవాడు కాదు. చెక్క తీస్తుంటే రోజులమ్మ అక్కడ నిలబడలేకపోయింది. ఇరవై ఆరేళ్ల పేరు అది, ఊరికే వచ్చిందా? మొహం కడుక్కునే వంకతో వెళ్లి బాగా ఏడ్చి వచ్చింది.

ఇంతా చేసి, అసలు పరీక్ష ఇరవై రెండో మంచం దగ్గర కాచుకుని ఉంది.

డ్రైవరుకు రెండు వేళ్లు తీసేశారు. నాలుగు రోజుల జ్వరం మత్తు వదిలి తెలివి వచ్చాక, ఆవిడ వార్డులోకి అడుగు పెట్టగానే అడిగాడు. "అమ్మా, ఈసారి ఎన్ని రోజులు?"

చుట్టూ మంచాలవాళ్లు ఇటు తిరిగారు.

"నాకు తెలియదు నాయనా" అంది రోజులమ్మ.

అంతే, డ్రైవరు మొహంలో నెత్తురు చుక్క లేదు. భార్య మంచం పట్టె పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. ఆవిడ అంకె చెప్పలేదంటే ఆ వార్డులో అర్థం ఒకటే. ఎదురు మంచం ముసలాయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. రోజులమ్మకు అప్పుడు తెలిసింది, తన మాటే కాదు, తన మౌనం కూడా మనుషుల్ని ఎలా పట్టుకుని ఉందో. అంకె చెప్తే మొన్నటి కథే మళ్లీ. చెప్పకపోతే ఇదిగో ఇలా, మనిషి బతికుండగానే చచ్చిపోతున్నాడు. ఏదో ఒకటి, ఒక పదిహేను అనేస్తే ఆ కళ్లలోకి ప్రాణం వస్తుంది. నోటిదాకా వచ్చింది కూడా.

నోరు కట్టుకుని, స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చుంది. వార్డంతా వినేలా గొంతు పెంచింది.

"ఒరే నాయనా, నువ్వు చావడం లేదు. అందుకు కాదు నేను చెప్పంది. మొన్న ఆరని చెప్పి తప్పు చేశాను. నీ కాలు ఇంకా ఆగమంటుంటే నా అంకె పొమ్మంది, నువ్వు నా అంకె మాట విన్నావు. అది నీ తప్పు కాదు, నాది. నన్ను క్షమించు. ఇకమీదట ఎవరికీ అంకె చెప్పను, బాగుపడేవాడికీ చెప్పను, బాగుపడనివాడికీ చెప్పను. రోజూ వచ్చి అడుగుతాను. నువ్వు ఉన్నదున్నట్టు చెప్పు. అంతే మన ఒప్పందం."

అతని కళ్ల నీళ్లు చెవుల్లోకి కారుతుంటే భార్య తుడిచింది.

అలా మొదలైంది. రోజూ పొద్దున బల్ల దగ్గరికి వెళ్లకముందే రోజులమ్మ స్టూలు వేసుకుని కూర్చునేది. ఎలా ఉందిరా అంటే, బాగుందమ్మా అనేవాడు. "నీ బాగుంది ఎవడికి కావాలి? ఎక్కడ సలుపుతోంది, ఎప్పుడు సలుపుతోంది, అది చెప్పు" అని కసిరేది. పాపం, నవ్వుతూ బతికిన మనిషి. ఒంట్లో బాగాలేదని ఒప్పుకోవడం వాడి వంటికి పడదు. అయిదారు రోజులు అబద్ధాలే చెప్పాడు. ఆవిడా వదల్లేదు, చెవిలో జోరీగలా. ఒకరోజు విసుగెత్తి, "మడమ దగ్గర ముల్లు గుచ్చినట్టు ఉంటోంది, పొద్దున్నే ఎక్కువ, సరేనా?" అన్నాడు. "హమ్మయ్య, ఇప్పటికి ఒక నిజం చెప్పావు" అని రోజులమ్మ వెళ్లి నర్సును పిలుచుకొచ్చింది. ఆ రోజు చూస్తే పెద్దగా ఏమీ లేదు. అయినా నర్సు రాసి పెట్టింది, పెద్ద డాక్టరు చదివారు. పక్క మంచాలవాళ్లు కూడా మెల్లగా అలవాటు పడ్డారు. మొన్నటిదాకా ఎన్ని రోజులని అడిగినవాళ్లు ఇప్పుడు పిలిచి మరీ, "అమ్మా, నా సంగతి కూడా విను" అనేవారు. ముప్పై ఆరుమంది బాధలు వినేసరికి ఆవిడకు పది దాటేది, బల్ల మీద ఫోను మోగి మోగి ఊరుకునేది. కంప్యూటర్ పిల్ల ఆ మాటలన్నీ రాసుకునేది.

పుండు మానుతూ వచ్చింది. కాలు నిలబడినట్టేనని, రేపు పొద్దున వెళ్లొచ్చని పెద్ద డాక్టరు స్వయంగా చూసి చెప్పారు. వార్డంతా సంబరపడింది. మర్నాడు రోజులమ్మ వచ్చేసరికి భార్య సంచి సర్దేసి, దుప్పటి మడతపెట్టేసింది. డ్రైవరు తన డిపో చొక్కా తొడుక్కుని మంచం అంచున కూర్చున్నాడు. కింద చక్రాల బల్ల మీద ఆ మంచం కోసం ఒకాయన ఎదురుచూస్తున్నాడు. ఆయన కొడుకు అప్పటికే రెండుసార్లు పైకి వచ్చి చూసి వెళ్లాడు.

రోజులమ్మ స్టూలు మీద కూర్చోకుండానే, "బయల్దేరావన్నమాట" అంది నవ్వుతూ.

డ్రైవరు నవ్వలేదు. సంచి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, గుమ్మంలో నిలబడ్డ ఆ కొడుకు వైపు చూశాడు. ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు, మెట్లు దిగిపోవచ్చు.

"లేదమ్మా. నేను ఇవాళ వెళ్లను. తెల్లవారుజామున చలేసింది. కొంచమే. ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీకు చెప్తున్నాను."

భార్య అయ్యో అని నోరు నొక్కుకుంది. నర్సు పరుగున వచ్చి చూస్తే జ్వరం నూట ఒకటి. పెద్ద డాక్టరు కట్టు విప్పించి, మడమ మీద బొటనవేలుతో నొక్కుకుంటూ వచ్చి ఒకచోట ఆగారు. పైకి ఏమీ తెలియడం లేదు. లోపల, ఎముకను ఆనుకుని, చీము మళ్లీ పట్టింది. అప్పటికప్పుడు ఆపరేషను గదికి తీసుకెళ్లారు.

గంటన్నర. రోజులమ్మ, డ్రైవరు భార్య ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తలుపు ముందు కూర్చున్నారు. పెద్ద డాక్టరు బయటికి వచ్చి, మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, ముందు భార్యతో కాక రోజులమ్మతో అన్నారు. "మొత్తం శుభ్రం చేశాం. కాలికి ఢోకా లేదు. ఇవాళ ఇంటికి పంపి ఉంటే మాత్రం, ఎల్లుండికి మోకాలి దాకా తీయాల్సి వచ్చేది. నేనే చూసి పంపించేయబోయాను. నాకు తెలియలేదు. అతను చెప్పాడు కాబట్టి సరిపోయింది."

రోజులమ్మ లేచి బల్ల దగ్గరికి వచ్చింది. అప్పుడే ఫోను మోగింది. కింద నుంచి.

"అమ్మా, ఇరవై రెండు ఇవాళ ఖాళీ అన్నారు కదా? మా రోగిని పైకి పంపమంటారా?"

"లేదు. ఖాళీ కాలేదు."

"అయ్యో, ఎలాగమ్మా? పోనీ ఎన్ని రోజుల్లో అవుతుంది?"

"తెలియదు" అంది రోజులమ్మ. "ఇంకేదైనా మంచం చూసి పెడతాను, ఆ పెద్దాయనకి చెప్పు, కోప్పడొద్దని చెప్పు. ఇరవై రెండు మాత్రం ఎప్పుడవుతుందో నాకు తెలియదు, నిజంగా తెలియదు తల్లీ." అని, ఫోను ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని, వార్డంతా చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చేసింది. "వాడు నిజం చెప్పాడే! వాడి కాలు వాడికుంది."